తుప్పుపట్టి బిగిసిన బోల్టు: బ్రేకుల మరమ్మతులో పాటింపవలసిన పద్ధతి

ఎడ్లబండ్ల కాలములో ఇరుసునకు కందెన వేయుట, కడచీల గట్టిగానున్నదో లేదో చూచుకొనుట ప్రతి రైతునకు తెలిసిన పనులే. కడచీల వదులైన బండిని ఎవ్వరును బాటకెక్కించెడివారు కారు. నేడు మన గ్రామములలో కారో, జీపో, ఆటోయో, ట్రాక్టరో లేని వీథి అరుదు. వాహనములు మారినవి గాని, వాటితోపాటు ఆ జాగ్రత్త పెరుగలేదు. బ్రేకు కీచుమని మొఱపెట్టుచున్నను, “చక్రము విప్పినప్పుడు చూతము” అని వాయిదా వేయువారు పెక్కురు. తీరా విప్పదలచిన నాడు బోల్టు కదలదు. పానా పట్టి లాగుదురు. పానాకు ఇనుప గొట్టము తొడిగి ఇద్దరు కలిసి లాగుదురు. బోల్టు తల తెగి చేతికి వచ్చును. అటుపిమ్మట ఆ కారు సగము విప్పిన బ్రేకుతో ఇంటిముందు నిలిచిపోవును. లేదా ఒక బోల్టు తక్కువగానే తిరిగి బాట పట్టును. ఈ రెండవది మొదటి దానికంటె ఎన్నోరెట్లు ప్రమాదకరము.

ఇంటివద్ద కారు బ్రేకులు సరిచేసికొనువారు, పంచాయతీ వాహనములను కనిపెట్టి చూడవలసిన సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఈ వ్యాసములో వివరింపదలచితిమి. వీటన్నిటికి మూలమైన మాట ఒక్కటే. బిగిసిన బోల్టును విప్పునది బలము కాదు, వ్యవధి. ఆ వ్యవధి ఇచ్చినను కదలని బోల్టువద్ద పని ఆపి, తెలిసినవానికి అప్పగించుట కూడ పనివానితనమే.

బోల్టు ఎందుకు బిగియును?

ఇనుమునకు నీరు, ప్రాణవాయువు రెండును కలిసి తగిలినప్పుడు తుప్పు పుట్టును. పుట్టిన తుప్పు తాను తినివేసిన ఇనుము కంటె రెండింతల నుండి ఆరింతల వరకు ఎక్కువ చోటు ఆక్రమించును. బోల్టు మరకు, నట్టు మరకు నడుమ ఉండు సందు వెంట్రుకవాసి మాత్రమే. ఆ సందులో తుప్పు పెరిగినచో, దూలపు బెజ్జములో చీలికలు దిగగొట్టినట్లు, అన్నివైపుల నుండి బోల్టును నొక్కి పట్టుకొనును. కాబట్టి ఆ బోల్టును పట్టుకొన్నది బిగింపు ఒక్కటే కాదు, తుప్పు కూడ.

ఉప్పు తగిలిన నీరు ఈ పనిని మరింత వేగముగా చేయును. అందుచేతనే బాపట్ల, మచిలీపట్నము వంటి సముద్రతీర ప్రాంతముల బండ్లకు, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లపై తిరుగు బండ్లకు లోతట్టు మండలముల బండ్ల కంటె త్వరగా తుప్పు పట్టును. తీరమునకు దూరమైన ఊళ్ళలో కూడ ఎరువుల బస్తాలు మోయు బండ్లకు, దమ్ములోనికి దిగు ట్రాక్టర్లకు, ఎల్లప్పుడు నీరు కారు ట్యాంకరు బండ్లకు ఈ బాధ తప్పదు.

బ్రేకునకు వేరొక చిక్కు కలదు. బండి ఆపిన ప్రతిసారి అది వేడెక్కును, మరల చల్లారును. ఆ వేడికి అంతకుముందు పూసిన గ్రీజు ఎండిపోవును. చల్లారునపుడు తేమ చేరును. అల్యూమినియపు భాగములో ఉక్కు బోల్టు బిగించియున్నచో ఆ రెండు లోహముల కలయిక వలన తెల్లని పొడివంటి మరియొక విధమైన తుప్పు పుట్టి, బోల్టు ఇంకను గట్టిగా పట్టుకొనును.

పని మొదలిడుటకు ముందు

బోల్టు కంటె ముందు మనిషిని గూర్చి ఆలోచింపవలెను. బిగిసిన బోల్టును లాగునప్పుడు మన బలమంతయు బండిని ఒకప్రక్కకు నెట్టుచుండును. జాకీపై మాత్రమే నిలిచిన బండి ఆ ఊపునకు ఒరిగి పడును. ఈ పనిలో ప్రాణములకు కలుగు ముప్పులలో ఇది మొదటిది. కనుక ఈ క్రింది విషయములను తప్పక పాటింపవలెను.

1. బండిని చదునైన గట్టి నేలపై నిలుపవలెను. నేలపై మిగులు చక్రములకు ముందువెనుకల అడ్డుకట్టెలు పెట్టవలెను.

2. చక్రపు నట్లను, చక్రము నేలపై ఉండగానే, ఒక చుట్టులో కొంతభాగము మాత్రము వదులు చేసికొనవలెను. పిమ్మట జాకీ ఎత్తవలెను.

3. ఎత్తిన బండి క్రింద ఇనుప స్టాండ్లు నిలిపి, బండి బరువును వాటిపై దింపవలెను. స్టాండ్లు లేనిచో ఒకదానిపై ఒకటి అడ్డముగా పేర్చిన దళసరి కలప దిమ్మెలు వాడవచ్చును. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్ళు ఎంతమాత్రము పనికిరావు. అవి ముందుగా పగులుబారి హెచ్చరింపవు. ఒక్కసారిగా పొడియగును.

4. పానాను తనవైపునకు లాగవలెను గాని ముందునకు నెట్టరాదు. నెట్టునప్పుడు పానా జారినచో పిడికిలి పోయి ఇనుమునకు తగులును. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ఉండవలెను.

5. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు కీడు చేయును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను.

ఏ బోల్టు ఏ పనిచేయునో తెలిసికొనుట

బ్రేకులోని బోల్టులన్నియు ఒక్కటే కావు. చేతికి దొరికిన దానినెల్ల ఒకే బలముతో లాగుట పొరపాటు.

డిస్కు బ్రేకులో క్యాలిపరును పట్టియుంచు రెండు చిన్న బోల్టులుండును. అవి ప్రక్కకు జరుగు పిన్నులలోనికి బిగింపబడును. వాటి వెనుక క్యాలిపరు బ్రాకెటును చక్రపు మూలభాగమునకు బిగించు రెండు పెద్ద బోల్టులుండును. బ్రేకు పట్టు బలమంతయు వాటిపైననే పడును గనుక అవి మిక్కిలి గట్టిగా బిగింపబడియుండును. ప్యాడ్లు మార్చుట మాత్రమే పనియైనచో పెక్కు కార్లలో ఈ పెద్ద బోల్టులను ముట్టనవసరమే లేదు. కొన్ని కార్లకు డిస్కును పట్టియుంచు చిన్న మరమేకు కూడ ఉండును. దాని తల గాడి సులభముగా చెడిపోవును.

డ్రమ్ము బ్రేకులో డ్రమ్మే హబ్బునకు తుప్పుతో అంటుకొనును. కొన్ని చిన్న కార్ల డ్రమ్ము ముఖమున మరతో కూడిన రెండు చిన్న రంధ్రములు కనబడును. అందు సరిపడు బోల్టులను వేసి, ఒకదాని తరువాత ఒకటి కొంచెము కొంచెముగా బిగించుచు పోయినచో డ్రమ్ము దానంతటదియే బయటకు జరుగును. ఈ సంగతి తెలియక సుత్తితో అంచుపై కొట్టి డ్రమ్ములు పగులగొట్టువారు పలువురు కలరు. అయితే ఈ పనికి ముందు చేతిబ్రేకును పూర్తిగా వదలవలెను. డ్రమ్ము లోపల అరుగుదల వలన గట్టు ఏర్పడి బ్రేకు షూలు దానికి తట్టుకొనుచున్నచో, సర్దుబాటు మరను త్రిప్పి షూలను లోపలికి తీయవలెను.

ఇక క్యాలిపరుపై ఉండు గాలితీయు మరమేకు, బ్రేకు నూనె గొట్టపు నట్టు ఈ రెండును వేరు జాతివి. మొదటిది లోపల డొల్లగా ఉండును గనుక తేలికగా తెగును. రెండవది మెత్తనిది. అది తుప్పుతో గొట్టమునకే అంటుకొన్నప్పుడు నట్టును త్రిప్పినచో గొట్టము కూడ మెలిదిరిగి పగులును. గొట్టము పగిలినచో బ్రేకు లేదు.

ఈ విషయములో మేము స్వయముగా చేసిన పొరపాటును చెప్పుట మంచిది. ఒకమారు ప్యాడ్లన్నియు మార్చి, డిస్కులు బిగించి, చిట్టచివర గాలితీయు మరమేకును కదపబోయితిమి. అది మొదలంట తెగిపోయినది. రెండు దినముల పని వ్యర్థమై, క్యాలిపరునే మార్చవలసివచ్చెను. మొట్టమొదటనే దానిని పరీక్షించియున్నచో, ఏ భాగమును విప్పకముందే కారును కర్మాగారమునకు నడిపించుకొని పోగలిగియుందుము. అప్పటినుండి తెగుటకు అవకాశమున్న దానినే ముందుగా పరీక్షించు అలవాటు చేసికొంటిమి.

మొదటి ఉపాయము: శుభ్రము, నూనె, వ్యవధి

ముందుగా బోల్టు చుట్టునున్న మట్టిని, పైకి కనబడు తుప్పును ఇనుపతీగల బ్రష్షుతో పూర్తిగా తీయవలెను. మర బయటకు కనబడుచున్నచో ఆ భాగమును మరింత శ్రద్ధగా తోమవలెను. ఏలయన విప్పునపుడు ఆ తుప్పంతయు నట్టులోనికి పోయి మధ్యలో మరల బిగియును.

పిమ్మట తుప్పు వదలించు పలుచని నూనెను మరల సందులోనికి వేయవలెను. ఇది డబ్బాలలో అమ్మబడుచున్నది. అది దొరకనిచో కిరసనాయిలులో కొంచెము యంత్రపు నూనె కలిపి వాడుకొనవచ్చును. వేసిన వెంటనే లాగినచో ప్రయోజనము లేదు. నూనె వెంట్రుకవాసి సందులలో ఇంకుటకు వ్యవధి కావలెను. నేడు సాయంకాలము వేసి, రాత్రి పడుకొనుటకు ముందు మరల వేసి, రేపు ఉదయము మూడవమారు వేసిన పిమ్మట పానా పట్టవలెను. వేసిన ప్రతిసారి బోల్టు తలపై చిన్న సుత్తితో పది పదిహేను దెబ్బలు తేలికగా వేసినచో తుప్పు బీటలువారి నూనె లోపలికి దిగును.

ఒక్క హెచ్చరిక. ఈ నూనె చుక్కయైనను ప్యాడ్లపైని, షూల లైనింగుపైని, డిస్కుపైని పడరాదు. పడినచో బ్రేకు పట్టదు. డిస్కునైతే బ్రేకు శుభ్రపరచు ద్రవముతో కడుగవచ్చును. నూనె పీల్చిన ప్యాడ్లను మార్చవలసినదే.

రెండవ ఉపాయము: సరియైన పానా, సరియైన బలము

బోల్టు తలలు చెడుటకు ముఖ్యకారణము సరిపడని పానా. ఆరుమూలల సాకెట్టు బోల్టు తలను ఆరు ముఖములపైన పట్టును. పండ్రెండుమూలల సాకెట్టు మూలలను మాత్రమే పట్టును. నోరు తెరచియున్న పానా రెండు ముఖములనే పట్టును. కావున బిగిసిన బోల్టునకు ఆరుమూలల సాకెట్టు శ్రేష్ఠము. అది తలపై పూర్తిగా కూర్చుండవలెను. తలపై తుప్పు పొరలున్నచో కూర్చుండదు, గీకి తీయవలెను.

లాగుటకు ముందు ఏ ప్రక్కకు విప్పవలెనో నిశ్చయించుకొనవలెను. సామాన్యముగా బోల్టు తలవైపునుండి చూచినప్పుడు గడియారపు ముల్లునకు ఎదురుదిశలో త్రిప్పిన విడును. క్యాలిపరు బోల్టులను వెనుకనుండి చేయి పెట్టి విప్పునప్పుడు దిక్కు తికమక పడుట కలదు. అంతేకాక కొన్ని పాత జీపులకు, లారీలకు ఎడమవైపు చక్రముల నట్లకు ఎడమ మర ఉండును. అట్టివానిని మామూలు దిక్కున లాగినచో మనమే మరింత బిగించినవారమగుదుము.

బలమును గూర్చి ఒక లెక్క చెప్పుదుము. 30 సెంటీమీటర్ల పానాపై 20 కిలోల బలము వేసినచో బోల్టుపై 6 కిలోగ్రామ్-మీటర్ల త్రిప్పుడు పడును. అదే పానాకు గొట్టము తొడిగి 90 సెంటీమీటర్లు చేసినచో 18 పడును. సామాన్యమైన 8 మి.మీ. ఉక్కు బోల్టును బిగించుటకు సుమారు రెండున్నర కిలోగ్రామ్-మీటర్లు చాలును. కాబట్టి గొట్టము తొడిగి లాగిన చిన్న బోల్టు తెగుటలో వింత లేదు. పొడుగు గొట్టము బ్రాకెటువంటి పెద్ద బోల్టులకే తగును, చిన్నవానికి తగదు.

మొదట కొంచెము బిగించువైపునకే కదపి చూడవలెను. తుప్పు పట్టు తెగుటకు ఏ దిక్కు కదలికయైనను ఒక్కటే. కదలినంతనే సంతోషపడి ఒకే ఊపున విప్పరాదు. పావు చుట్టు విప్పి, అందులో సగము వెనుకకు త్రిప్పి, నూనె వేసి, మరల పావు చుట్టు విప్పవలెను. మధ్యలో బిగిసినట్లు తోచినచో లాగక వెనుకకు పోవలెను. రబ్బరువలె సాగుచున్నట్లు చేతికి తెలిసినచో బోల్టు తెగుటకు సిద్ధమైనదని గ్రహించి అచ్చటనే ఆపవలెను.

మూడవ ఉపాయము: వేడి

ఇనుము వేడికి వ్యాకోచించుననుట బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట చూచినవారికి తెలిసినదే. పట్టాను ఎర్రగా కాల్చి చక్రమునకు తొడిగి నీరు పోసినచో అది ముడుచుకొని కట్టెను పట్టుకొనును. ఆ సూత్రమునే ఇచ్చట తారుమారుగా వాడుదుము. నట్టును గాని, బోల్టు దిగియున్న చుట్టుభాగమును గాని కాల్చినచో దాని రంధ్రము పెద్దదగును. 10 మి.మీ. రంధ్రము గల ఉక్కు నట్టును 300 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడిచేసినచో రంధ్రము సుమారు 0.036 మి.మీ. పెరుగును. ఇది వెంట్రుక మందములో సగమైనను, తుప్పు పట్టు విడుటకు చాలును. వేడిచేయుట, చల్లారనిచ్చుట, మరల వేడిచేయుట రెండు మూడుసార్లు జరిపినచో తుప్పు నలిగిపోవును. చల్లారుచున్న మరకు మైనపువత్తి ఆనించినచో కరగిన మైనము సందులోనికి పీల్చుకొనబడి జారుడు కలిగించును.

కాని బ్రేకువద్ద నిప్పు వాడుట అందరికి తగిన పని కాదు. అందలి నిషేధములను గట్టిగా గుర్తుంచుకొనవలెను. బ్రేకు నూనెతో నిండియున్న క్యాలిపరును, చక్రపు సిలిండరును, గొట్టములను కాల్చరాదు. లోపలి ద్రవము మరగి పగులగొట్టుకొని చిమ్మును. రబ్బరు గొట్టములకు, పిన్నుల తొడుగులకు సెగ తగులరాదు. కిరసనాయిలు గాని తుప్పునూనె గాని చల్లిన చోట వెంటనే మంట పెట్టరాదు. బ్రేకు శుభ్రపరచు ద్రవములలో కొన్ని క్లోరిను కలిసినవి. అవి తడిగానున్న లోహమును కాల్చినను, వెల్డింగు చేసినను ఫాస్జీను అను ప్రాణాంతకమైన విషవాయువు పుట్టును. ఎర్రబడునట్లు కాల్చిన గట్టి ఉక్కు బోల్టు తన సత్తువ కోల్పోవును గనుక దానిని తిరిగి వాడరాదు.

బోల్టు తెగినచో

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక్కొక్కప్పుడు బోల్టు తెగును. అప్పుడు కోపముతో చేయు పనియే అసలు నష్టము కలిగించును. తెగిన ముక్క కొంత బయటకు కనబడుచున్నచో దానిపై నట్టు నిలిపి వెల్డింగు చేసి విప్పుట మంచి పద్ధతి. వెల్డింగు వేడికి తుప్పు కూడ విడును. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పించవలెను. ముక్క లోపలనే ఉన్నచో సరిగా నడిమిని గుర్తు కొట్టి, చిన్న బెజ్జము వేసి, క్రమముగా పెద్దది చేయవలెను. ఎడమవైపు తిరుగు బరమాతో బెజ్జము వేసినచో ఒక్కొక్కప్పుడు ముక్క దానంతటదియే బయటకు వచ్చును. ముక్కను లాగు సాధనములు గట్టివే గాని పెళుసువి. అవి లోపల విరిగినచో వాటికి బెజ్జము వేయుట కూడ కష్టము. మర పోయినచో లోపల తీగచుట్టు వేసి క్రొత్త మర కల్పింపవచ్చును. ఈ పనులు లేతుమిషను, వెల్డింగు ఉన్న పనివారివి. ఇంటివద్ద ప్రయోగములు చేయరాదు.

బ్రాకెటు బోల్టు, నూనె గొట్టపు నట్టు, గాలితీయు మరమేకు ఈ మూడింటిలో ఏది తెగినను బండిని నడిపించుకొని పోరాదు. మరియొక బండిపై ఎక్కించియైనను పంపవలెను, లేక మెకానిక్కునే ఇంటికి పిలువవలెను. ఉన్న ఒక్క బోల్టుతో “పట్టణమువరకు మెల్లగా పోదము” అనుట అపాయకరము. మెల్లగా పోవు బండికి కూడ ఒక పిల్లవాడు అడ్డు వచ్చుటకు క్షణము చాలును.

తిరిగి బిగించుట

మరుసటిసారి బోల్టు విడునా, విడదా అనునది నేడు బిగించు తీరుపై ఆధారపడియుండును. మరలను బ్రష్షుతో తోమి తుడువవలెను. తుప్పుతో సన్నబడిన బోల్టును, తల చెడిన బోల్టును పారవేసి అదే కొలత, అదే గట్టితనము గల క్రొత్తది వేయవలెను. బోల్టు తలపై 8.8, 10.9 వంటి అంకెలుండును. అంకె పెద్దదైనకొలది ఉక్కు గట్టిది. ఇంటిలో దొరికిన గుర్తులేని బోల్టును బ్రేకునకు వేయుట క్షమింపరాని తప్పు.

హబ్బునకు, చక్రమునకు నడుమ తుప్పు గీకివేసి, పట్టుకొనకుండ చేయు రాగిపొడి గ్రీజును పలుచగా పూయవచ్చును. చక్రపు నట్ల మరలకు మాత్రము వాహన పుస్తకములో చెప్పనిదే ఏ గ్రీజును పూయరాదు. గ్రీజు పూసిన నట్టు అదే బలమునకు ఎక్కువగా బిగిసి బోల్టును సాగదీయును. క్యాలిపరు పిన్నులకు బ్రేకులకై తయారైన సిలికోను గ్రీజునే వాడవలెను. మామూలు గ్రీజు అచ్చటి రబ్బరును ఉబ్బజేయును. ఈ కారణము చేతనే బ్రేకు నూనె తొట్టిలో ఇంజనునూనె చుక్కయైనను పోయరాదు. క్యాలిపరును విప్పినప్పుడు దాని రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టి నిలుపవలెను.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 రకపు నూనె క్రొత్తగానున్నప్పుడు కనీసము 205 డిగ్రీలవరకు మరుగదు. తేమ పీల్చిన పిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 రకమునకు ఈ అంకెలు 230, 155. నూనె మరిగినచో పెడలు నేలకంటును గాని బండి ఆగదు. ఆ తేమయే లోపలినుండి పిస్టనులకు తుప్పు పట్టించును. కాబట్టి పుస్తకములో చెప్పిన గడువునకు నూనె మార్చవలెను. మూత తెరచి చాలకాలమైన డబ్బా నూనె పనికిరాదు.

పని ముగిసిన పిమ్మట బండి కదపకముందే పెడలును పలుమారులు త్రొక్కి గట్టిపడువరకు చూడవలెను. ప్యాడ్లు మార్చినప్పుడు మొదటి రెండు మూడు త్రొక్కుళ్ళకు పెడలు ఖాళీగా దిగును. దీనిని మరచి బయలుదేరినవారు ఎదుటి గోడనో, మనిషినో కొట్టుదురు. నూనె మట్టము సరిచూచి, ఎవరును లేని చదును స్థలమున నడకవేగముతో రెండు మూడుమారులు ఆపి పరీక్షింపవలెను. సుమారు 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట చక్రపు నట్ల బిగింపును మరల చూడవలెను.

పంచాయతీ బాధ్యత

ఇంతవరకు చెప్పినది ఇంటి కారును గూర్చి. పంచాయతీ సభ్యులకు ఇందు మరియొక భాగము కలదు. తెలంగాణములో 2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమముతో గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త మోయు ట్రాలీకి తడి, ట్యాంకరునకు నీరు నిత్యము తగులుచుండును. వాటి చక్రపు నట్లు ఎన్ని సంవత్సరములకు ఒకసారి విప్పబడుచున్నవో సభ్యులు విచారించి తెలిసికొనవలెను. టైరు పగిలిన నాడు నడిబాటలో, నిండు ట్యాంకరు జాకీపై ఉండగా, తుప్పు నట్టుతో పెనుగులాడవలసిన గతి డ్రైవరునకు పట్టరాదు.

ట్రాక్టరు విషయమున ముఖ్యముగా చూడవలసినది ఒకటి కలదు. దాని రెండు వెనుకచక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్ళుండును. పొలములో మలుపు తిరుగుటకు వాటిని విడివిడిగా వాడుదురు. బాటపై పోవునప్పుడు రెండింటిని ఒక గడియతో కలిపి ఉంచవలెను. ఆ గడియ తుప్పుపట్టి పడనిచో డ్రైవరు తొందరలో ఒక్క పెడలునే త్రొక్కును. ఒక చక్రమే నిలిచి ట్రాక్టరు ఒక్కసారిగా ప్రక్కకు తిరిగి బోల్తాపడవచ్చును. చిన్న గడియకు రెండు చుక్కల నూనె వేయకపోవుట వలన కలుగు ఫలమిది.

కావున ప్రతి సంవత్సరము వానలకు ముందొకమారు, వానలు వెలిసిన పిమ్మట ఒకమారు పంచాయతీ వాహనముల చక్రములను విప్పించి, మరలు తోమించి, బ్రేకులు చూపించి, ఆ తేదీని పుస్తకములో వ్రాయించుట మంచిది. కార్యాలయమున ఆరుమూలల సాకెట్ల పెట్టె, రెండు ఇనుప స్టాండ్లు, ఇనుపతీగల బ్రష్షు, తుప్పునూనె డబ్బా ఉంచినచో గ్రామస్థులకు కూడ ఉపకరించును. పారిశ్రామిక శిక్షణ సంస్థలో మోటారు మెకానిక్కు విద్య నేర్చిన యువకుడు గ్రామమున ఉన్నచో ఈ పరీక్షల పని అతనికి అప్పగింపవచ్చును.

ముగింపు

తుప్పు ఒక దినమున పట్టినది కాదు. దానిని వదలించుటకు ఒక రాత్రి ఓపిక పట్టుట ఎక్కువేమియు కాదు. సాయంకాలము నూనె వేసి ఉదయమున విప్పిన బోల్టు మరల పనికివచ్చును. ఆవేశముతో లాగిన బోల్టు తెగి, బండిని నిలిపివేయును, లేదా నిలువవలసిన చోట నిలువనీయదు. మన బండి ముందు నడచునది మన ఊరివారే, బడికి పోవునది మన ఊరి పిల్లలే. కడచీలను చూడక బండి కట్టని పెద్దల జాగ్రత్త మనకును అలవడవలెనని మా కోరిక.